మా ఇంటికి ట్రాక్టరు

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు పెద్దలు. ట్రాక్టరు కొని చూడమని మాత్రం అనలేదు. వారి కాలానికి అది రాలేదు గనుక. మొదటి రెండు పరీక్షలూ ఎట్లాగో గట్టెక్కిన నేను, ఉద్యోగ విరమణకు నాలుగేండ్ల ముందుగా మూడవ పరీక్షకు కూర్చున్నాను.

నూజివీడు దాపున మా నాయనగారు నాటిన మామిడితోట మూడెకరాలు, దాని పక్కన మినుము చల్లుకొనే మెట్టచేను ఒక ఎకరము మాకున్నవి. నిరుడు ఆ తోట అంచున మూడు గదుల ఇల్లు కట్టుకొన్నాము. సెలవులకు వచ్చి పోయినంత కాలము తోట మంచిచెడ్డలు తోటమాలివి. కాపురము అక్కడికే మార్చిన తరువాత గదా తెలిసినది, ఇంటిచుట్టూ పెరిగే గడ్డికి సెలవులు లేవని!

ముందు కాగితము మీద లెక్క వేశాను. మా ఊళ్ళో బాడుగ ట్రాక్టరుకు గంటకు వెయ్యి రూపాయల పైచిలుకు. మాకున్న భూమికి ఏడాదికి పదిహేను గంటల పని. వెరసి పదహారు వేలు. కొనదలచిన చిన్న ట్రాక్టరు, రోటవేటరుతో కలిపి, ఆరున్నర లక్షలు. అప్పు తెస్తే దానిమీద వడ్డీ ఒక్కటే బాడుగకు మూడింతలు దాటుతున్నది. లెక్కల మాస్టారెవరైనా ఇక్కడితో కలము మూసివేసేవాడు. నేను తెలుగు మాస్టారిని గనుక మరికొంత ఆలోచించాను.

లెక్కకు చిక్కనిది పదును. మా ఎర్రనేల వానకు మెత్తబడి, గట్టిగా నాలుగెండలు కాసేసరికి బిగిసిపోతుంది. ఆ నడిమి రోజులలోనే దున్నాలి. సరిగ్గా ఆ రోజులలోనే ఊరందరికీ ట్రాక్టరు కావాలి. నిరుడు అక్టోబరులో వాన వెలిసిన నాడే కబురు పంపితే, బండి తొమ్మిదవ నాడు వచ్చినది. అది యాభై అశ్వశక్తి గల పెద్ద బండి. నడిపే కుర్రవానికి మరి రెండు తోటలు తిరగవలసిన తొందర. నాయనగారి చేతిమీద పెరిగిన చెట్టుకొమ్మ ఒకటి, నా తొడంత లావుది, చీలి వేలాడినది. ఆయన పోయి పదకొండేండ్లు. ఆ రాత్రి మా ఆవిడ అన్నది: "బండి మనదే అయితే కొమ్మ కంటికి కనబడేది గదండీ!" అంతే, కాగితము మీది లెక్క చెల్లలేదు.

నాయనగారు బ్రతికి ఉంటే ఒప్పుకొనేవారా? సందేహమే. నా చిన్ననాట మా ఊరికి వచ్చిన మొదటి ట్రాక్టరు హెచ్.ఎం.టి. వారిది. చెకోస్లొవేకియా వారి తోడ్పాటుతో 1971లో పింజోరులో తయారీ మొదలుపెట్టిన ఆ సంస్థ ట్రాక్టర్ల విభాగము 2016లో మూతపడినది. ఊరంతా దానిని చూడపోతే, ఆయన తన ఒంగోలు గిత్తల వద్దనుంచి కదలలేదు. "అది గడ్డి తినదు, పేడ వేయదు. దానితో వ్యవసాయమేమిటిరా?" అన్నారు. ఆ మాటకు ఈనాటికీ నావద్ద నిండు సమాధానము లేదు.

నాకు తోచిన సమాధానము మాస్టారి సమాధానమే. ట్రాక్టరు అన్న మాట లాటిను భాషలోని 'లాగు' అనే ధాతువునుండి పుట్టినది. మన కర్షకుడు పుట్టిన 'కృష్' ధాతువుకూ లాగుట ఒక అర్థము, ఆకర్షణలో ఉన్నదదే. అనగా ట్రాక్టరును సంస్కృతములో పిలిస్తే కర్షకుడే పలుకుతాడు! ధాతుపాఠములో ఆ ధాతువుకు గీయుట అనే అర్థమూ ఉన్నది. సాలు తీయడము, వ్రాయడము దాయాదులన్నమాట. ఈ సంగతి ట్రాక్టర్ల దుకాణములో చెప్పితే అమ్మేవాడు నవ్వి, పెద్ద బండి చూపించాడు.

చెట్టు క్రింది కొమ్మ ఎత్తు దారముతో కొలుచుకొని వెళ్ళాను గనుక సరిపోయినది. ఇరవైనాలుగు అశ్వశక్తి చాలునని పట్టుపట్టాను. బండికంటె నన్ను భయపెట్టినది దాని వెనుక ఉన్న ఇరుసు. ఇంజను బలమును రోటవేటరుకు అందించే ఆ కడ్డీ నిమిషానికి 540 చుట్లు, అంటే క్షణానికి తొమ్మిది చుట్లు తిరుగుతుంది. పంచె చెంగో చీర కొంగో దానికి చిక్కితే విడిపించుకొనే వ్యవధి ఉండదు. దుకాణములో చూపిన యంత్రానికి ఆ కడ్డీ మీది తొడుగు లేదు. అడిగితే, "ఎవరూ ఉంచుకోరండీ, తీసి పారేస్తారు" అన్నాడు. తొడుగు బిగించిన తరువాతనే డబ్బు చెల్లించాను. బేరములో నేను నెగ్గినది అదొక్కటే.

రెండవ భయము మోడు పెకలించబోయిన నాడు కలిగినది. తోటమాలి గొలుసును వెనుక పైచేతికి తగిలించబోతుంటే ఆపాను. గొలుసు ఇరుసుకంటె ఎత్తున ఉండి, మోడు కదలకపోతే, ముందు చక్రాలు లేచి బండి నడిపేవాని మీదికే తిరగబడుతుంది. గొలుసు అడుగు కొక్కేనికే వేయాలి. 1917లో వెలువడిన ఫోర్డుసన్ ట్రాక్టర్లు నాగలి రాతికి తగిలినప్పుడు ఇట్లాగే లేచేవి. ఐర్లండు వాడైన హారీ ఫెర్గుసను, పనిముట్టును మూడు చేతులతో పట్టి ఎత్తి దించే అమరిక కనిపెట్టి ఆ ప్రమాదమును చాలావరకు తప్పించాడు. 1939లో ఫోర్డు ట్రాక్టరుకు ఆ అమరిక వచ్చినది. నేటి మా బండికీ ఉన్నవి ఆ మూడు చేతులే.

ఇల్లు కట్టబోయేవారికి ఒక మాట. గేటు వెడల్పుగా పెట్టించండి. మా ఎనిమిదడుగుల గేటులో ట్రాక్టరు పట్టినది గాని, దాని వెనుక తొట్టి మలుపు తిరుగలేదు. రంగు వెలియని స్తంభమును పడగొట్టించాము.

ఏరువాక పున్నమినాడు తోటమాలి బండికి పసుపు కుంకుమ పెట్టి, చక్రము ముందు కొబ్బరికాయ కొట్టాడు. నాయనగారి గిత్తలను తోలిన చేయి అతనిది. అలవాటుగా వీపు నిమిరినట్లు ఇంజను మూతమీద అరచేయి వేసి, చురుక్కుమనగా తీసుకొన్నాడు. నేను పంచె మాని పంట్లాముతో ఎక్కి కూర్చున్నాను. చీలిన కొమ్మ ఉన్న చెట్టు వద్దకు వచ్చేసరికి వేగము తగ్గించి, తల వంచి దాటాను. వెనుకనుంచి అతని కేక వినిపించినది:

"బాబుగారూ, సాలు వంకరపోయింది!"