మట్టిపలకపై మహాప్రళయం

నేటి ఇరాక్‌లోని మోసుల్ ఎదుట, టైగ్రిస్ ఒడ్డున ఉన్న నినెవే శిథిలాల్లో అసీరియా చక్రవర్తి అషుర్‌బనిపాల్ గ్రంథాలయం 19వ శతాబ్ది మధ్యలో బయటపడగా, అక్కడి మట్టిపలకలు వేల సంఖ్యలో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. పచ్చిమట్టిపై రెల్లుపుల్లతో మేకుల్లాంటి గుర్తులు నొక్కి రాసే క్యూనిఫాం లిపిని స్వయంకృషితో నేర్చిన జార్జ్ స్మిత్, 1872లో జానెడైనా లేని ఒక విరిగిన పలకను చదువుతూ, కొండపై ఆగిన ఓడ నుంచి, ప్రళయాన్ని తప్పించుకున్న ఉత్నపిష్టిమ్ మొదట పావురాన్ని, తర్వాత వానకోవెలను, చివరికి బొంతకాకిని వదిలాడని, నీరు తీసినందున కాకి మాత్రం తిరిగి రాలేదని గ్రహించాడు.

బైబిల్‌లోని నోవహు వృత్తాంతాన్ని ఇంత స్పష్టంగా తలపించే ఈ ఘట్టం గిల్గమేష్ కావ్యంలోని 11వ పలకది. తరువాతి తవ్వకాల్లో ఉర్, షురుప్పక్ నగరాల వద్ద ఒండ్రుపొరలు కనిపించినా, అవి వేర్వేరు కాలాల్లో వచ్చిన స్థానిక వరదల ఆనవాళ్లు కనుక, వాటిని ఒకే జగత్ప్రళయానికి రుజువుగా చూపడం తొందరపాటే.