క్వార్టరు పోతుంది, ఓటు పోదు

సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగులకు సెక్టార్ల వారీగా టౌన్‌షిప్ వెలిసింది. ఇల్లు, నీరు, రోడ్డు, ఆసుపత్రి అన్నీ కర్మాగారమే సమకూర్చింది. తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడ్డాయి.

చిక్కు ఇక్కడే ఉంది. యజమాని ఇచ్చేది సదుపాయం, పౌరుడికి దక్కవలసింది హక్కు. కుళాయి రాకపోతే ఉద్యోగి అధికారికి విన్నవించుకుంటాడు. ఆ అధికారిని ఓటుతో మార్చలేడు. కర్మాగారం బయటి బస్తీల్లోని కాంట్రాక్టు కూలీకి ఆ విన్నపానికీ దారి లేదు. పదవీ విరమణతో క్వార్టరు ఖాళీ చేస్తే సదుపాయం పోతుంది. ఓటు పోదు.

1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు ఎన్నికైన పాలకవర్గాలు ఉండాలన్నది. అయితే పరిశ్రమే పౌరసేవలు అందించే చోటును పారిశ్రామిక పట్టణంగా ప్రకటించి, మునిసిపాలిటీ లేకుండా ఉంచే వెసులుబాటును 243-క్యూ అధికరణం గవర్నరుకు ఇచ్చింది. భిలాయ్‌లో మాత్రం ఎన్నికైన నగరపాలక సంస్థ ఉంది. కర్మాగారం ప్రభుత్వరంగ సంస్థ సెయిల్‌ది కనుక 2005 నాటి సమాచార హక్కు చట్టం దానికీ వర్తిస్తుంది. 10 రూపాయల రుసుముతో ఏ పౌరుడైనా అడగవచ్చు: మా వీధి దీపం బాధ్యత ఎవరిది? సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి.