పందికి పెట్టిన తీగకు మనిషి పానం పోతే ఎవల తప్పు?

పోయిన వానకాలం ఒక ఊళ్లె పంచాదికి పోయి కూసున్న. మక్క చేను చుట్టు అడవి పందులకని గుంజిన కరెంటు తీగ తాకి పక్క చేను రైతు పానం ఇడిసిండు. పొద్దుగాల మోటరు ఎయ్యనీకి పోతూ ఎప్పటి లెక్కనే ఒడ్డు దాటిండు, గంతే. పెద్దమనుషులు ఇంత అని పైసలు తెంపిండ్రు. కాయితం రాసి ఆయన భార్యతోని ఏలిముద్ర పెట్టించిండ్రు. "అసలు మా చేన్లకు ఆయన ఎందుకొచ్చినట్టు?" అని తీగ పెట్టినాయన తమ్ముడు అడిగితే ఒక్కలు నోరు తెరవలె. నేను సుత చెప్పలేకపోయిన. ఇంటికొచ్చి చట్టం పుస్తకాలు తిరగేసినంక దొరికిన జవాబు ఇది.

ఆ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1963లనే జవాబు చెప్పింది. బిహార్ కేసు అది. ఒకింటోళ్ల మరుగుదొడ్డి గోడ కూలితే, ఆ ఇంట్ల ఉండే ఆమె దగ్గర్నే ఉన్న ఇంకొకాయన దొడ్డి వాడుకుంటున్నది. రావొద్దని ఆయన చెప్పి చూసిండు, ఇనలె. దొడ్డికి పోయే తొవ్వల అడ్డంగ ఒట్టి రాగి తీగ కట్టి ఇంట్ల కరెంటు దానికి ఇచ్చిండు. కరెంటున్నదని ఎవలకు చెప్పలె. ఆమె లోపలికి పోయేటప్పుడు ఏం కాలె, బయటికొచ్చేటప్పుడు చెయ్యి తాకింది. పానం పోయింది.

నా జాగ, నా ఆస్తి, కాపాడుకునే హక్కు నాకున్నది అని ఆయన తరఫున వాదించిండ్రు. కోర్టు ఒప్పుకోలె. అడగకుంట వచ్చిన మనిషైనంత మాత్రాన పానం తీసే ఉచ్చు పెట్టే హక్కు జాగ ఉన్నోనికి రాదన్నది. శిక్ష ఖాయం చేసింది. మన ఒడ్లమీద గుంజే తీగకు ఈ తీర్పు అచ్చం అతుకుతది.

మామూలుగ చట్టం చూసే తీరు ఇట్లుంటది. పనికి పిలిచిన కూలికి, ఇంటికొచ్చిన సుట్టానికి దెబ్బ తాకకుంట చూసుకునే జిమ్మేదారి జాగ ఉన్నోనికి ఎక్కువ. అడగకుంట వచ్చినోని పట్ల తక్కువ, కానీ సున్న కాదు. పిల్లల కాడికొస్తే మల్ల ఎక్కువైతది, ఎందుకంటే పసిపోరనికి ఏది ఎవల జాగనో ఏం ఎరుక? ఎండిన బోరు మూతెయ్యాలె, నింపాలె అని సుప్రీంకోర్టు 2010ల హుకుం ఇచ్చింది పిల్లలు పడి సచ్చిపోతున్నరనే. ఆ హుకుం వచ్చినంక కూడ 2017ల చేవెళ్ల దిక్కు ఒక పసిబిడ్డ బోరుల పడి పోయింది.

ఇగ పంచాది కాయితం సంగతి. మంది ఎక్కువ మోసపోయేది ఈడనే. నిర్లక్ష్యంతోని పానం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద 5 ఏండ్ల దాక జైలు. పాత చట్టంల రెండేండ్లే ఉండె, 2024 జులై నుంచి పెరిగింది. తాకితే సస్తరని తెలిసీ పెట్టిండని తేలితే 105 సెక్షన్, 10 ఏండ్ల దాక పోవచ్చు. 106 కేసు రాజీ పడే కేసుల లిస్టుల లేదు. అంటే పెద్దమనుషులు ఏలిముద్రలు ఎన్ని పెట్టించినా ఠాణాల కేసు దాంతోని ఆగదు. పైసలిచ్చినోడు "అయిపోయింది" అనుకుంటడు, తీసుకున్నోళ్లు "ఇగ మనకు హక్కు లేదు" అనుకుంటరు. ఇద్దరికీ ఎవలూ అసలు ముచ్చట చెప్పరు.

నష్టపరిహారం దావా వేరే. 1855 నాటి చట్టం ఒకటున్నది, ఇంకొకల తప్పుతోని మనిషి పోతే భార్య, పిల్లలు, తల్లిదండ్రులు దావా ఎయ్యొచ్చు. కానీ చనిపోయిన రోజు నుంచి రెండేండ్లలోపే. అందుకే కేసు పెట్టాలె, పోస్టుమార్టం చేయించాలె, ఎఫ్ఐఆర్ కాపీ ఉత్తగనే ఇస్తరు అడిగి తీసుకోవాలె. పోలీసులు వచ్చేదాక తీగ పీకనీయొద్దు, ఫోన్ల ఫొటోలు తియ్యుండ్రి. తమ్మీ, రీల్సుకు తీసే ఫోనే గదా!

కరెంటోళ్లు సుత తప్పించుకోలేరు. వానల రాత్రిపూట సైకిల్ మీద ఇంటికి పోతున్న కార్మికుడు తొవ్వల పడున్న తీగ తాకి పోతే, "ఎవడో దొంగ కనెక్షన్ ఏసిండు" అని మధ్యప్రదేశ్ కరెంటు బోర్డు వాదించింది. 2002ల సుప్రీంకోర్టు బోర్డే పరిహారం కట్టాలన్నది.

కౌలు చేను అయితే ఎవల మీద కేసు అని అడుగుతరు. పట్టా ఎవల పేరు మీదున్నదని కాదు, తీగ ఎవలు గుంజిండ్రు, చేను ఎవల చేతుల ఉన్నదని చూస్తరు. అంటే ముందుగాల ఇరికేది కౌలు రైతే. పట్టాదారుకు ఎరుకై ఊకున్నడంటే ఆయన మెడకూ సుట్టుకుంటది.

తీగ పెట్టినోడు రాక్షసుడని నేననను. ఒక్క రాత్రిల పందులు చేనంత దున్నిపోతే అప్పు ఎవలు కట్టాలె? నేనూ ఎవుసం చేసినోన్నే. కానీ మెయిన్ లైన్ కొక్కేనికి సోలార్ కంచెకు ఫరక్ ఉన్నది. సరిగ పెట్టిన సోలార్ కంచె ఆగి ఆగి చిన్న షాక్ ఇస్తది, బెదిరిచ్చి తోలుతది. కొక్కెం తీగ పట్టుకుంటే ఇడవది. పంట పోతే అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చేది తక్కువ, తిరుగుడు ఎక్కువ, అది వేరే కొట్లాట.

ఆ ఏలిముద్ర పెట్టినామెకు ఇంకా గడువున్నది. ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆమ్దానీ ఎంతున్నా వకీలు ఉత్తగనే దొరుకుతడు, 15100కు ఫోన్ చేస్తే చెప్తరు. చేసినం. సోమవారం కోర్టు కాడి లీగల్ సర్వీసెస్ ఆఫీసుకు రమ్మన్నరు. కాయితాలు పట్టుకొని పోతున్నం.