మీకు తెలుసా? బెంగళూరు కోట సమాధుల తోట

1791 మార్చి 7న ఆంగ్ల సేనాని కార్న్‌వాలిస్ సేన బెంగళూరు పేటను, అంటే కోటను ఆనుకొని ఉన్న వర్తకుల ఊరిని, పట్టుకున్న పోరులో మద్రాసు ఫిరంగిదళపు లెఫ్టినెంట్ కర్నల్ జోసెఫ్ మూర్‌హౌస్ నేలకొరగగా, అదే నెల 21వ తేదీ రాత్రి జరిగిన దాడిలో కోటను కాపాడుతూ టిప్పు సుల్తాన్ కిల్లేదారు, అనగా కోట పాలకుడు, బహదూర్ ఖాన్ ప్రాణమిచ్చాడు. ఆంగ్ల సైన్యాధికారులను పూడ్చిన కోట సమాధుల తోటను ఆ దండయాత్ర వెంట వచ్చిన చిత్రకారుడు రాబర్ట్ హోమ్ చిత్రించి, 1794లో వెలువడిన మైసూరు దృశ్యాల గ్రంథంలో చేర్చాడు. ఆ తోట నేడు లేదు. ఆ యుద్ధ మృతుల పేర్లు చెక్కి కార్పొరేషన్ కార్యాలయం సమీపాన నిలిపిన సెనోటాఫ్‌ను, అంటే దేహం లేకుండా స్మృతికై కట్టిన కట్టడాన్ని, 1964లో కూల్చివేశారు; స్వతంత్ర దేశం పరాయి పాలకుల విజయచిహ్నాన్ని తొలగించడం సహజమే అయినా, పేర్లున్న రాళ్లనైనా భద్రపరచకపోవడం ఊరి చరిత్రకు నష్టమే. మూర్‌హౌస్ స్మారకం మాత్రం చెన్నైలోని సెయింట్ జార్జి కోటలో, సెయింట్ మేరీ చర్చిలో నేటికీ ఉంది.