పండుగకు ముందు కోసిన మామిడికాయ

భద్రాచలం అడవి అంచున కోయ సహోదరులు మామిడి పండుగ చేయనిదే కొత్త కాయ తినరు. నేలలో, చెట్టులో, కొండలో వేల్పులున్నారని, ముందు వారికి పెట్టాలని వారి నమ్మకం. 19వ శతాబ్దంలో దుమ్ముగూడెం వచ్చిన చర్చ్ మిషనరీ సొసైటీ దొరలు చూసినదీ ఈ నమ్మకాన్నే.

ఒక గూడెంలో కొత్తగా రక్షణలోకి వచ్చిన కుటుంబానికి, "చెట్టులో ఏమీ లేదు, కోసుకోండి" అని మేమే చెప్పాం. కోశారు. వారంలోనే పొరుగింటి పసివాడికి చలిజ్వరం వచ్చింది. నింద వీరిమీద పడింది. బోరింగు దగ్గర వీరితో మాటలు మానేశారు. బాబును ఆసుపత్రికి మేమే తీసుకెళ్ళాం, మలేరియా అన్నారు. దేవుని కృపవలన బాగయ్యాడు.

ఆ ఇంటి తల్లి మాత్రం మమ్మల్ని ఒకటే అడిగింది: "అయ్యగారూ, చెట్టుకు పెట్టొద్దన్నారు, సరే. దేవునికైనా పెట్టకముందే తినమన్నారేం?"

అర్పణ తెచ్చేదాకా కొత్త పంట తినకూడదని లేవీయకాండము 23వ అధ్యాయంలోనే ఉంది. ఎన్నిసార్లు ప్రసంగించామో! ఆమెకు జవాబు చెప్పలేకపోయాం.

మరుసటి వేసవిలో ఆమె తొలి కాయలు బుట్టతో మందిరానికి తెచ్చింది. ఊరివాళ్ళ పండుగ అయ్యేదాకా తామూ తినలేదట.