పొద్దును బట్టే మాటు

పెన్సిల్వేనియా అడవిలో తెల్లతోక జింక కోసం కాచుకునే వేటగాడు తుపాకీ తీసేముందు ఆకాశం వంక చూస్తాడు, గాలి ఎటు వీస్తోందో చూస్తాడు.

అమెరికాలో జింక వేట మాట రాగానే మనవాళ్లు ముందుగా తుపాకుల గురించి అడుగుతారు. ఏ వేళకు ఎక్కడ కూర్చుంటారని అడిగితే అసలు విద్య బయటపడుతుంది. పెన్సిల్వేనియా నడుమ అపలేచియన్ కొండలు పొడవాటి వరుసలుగా సాగుతాయి. వాటి మీద ఓక్ చెట్ల అడవి, మధ్య లోయల్లో మొక్కజొన్న, సోయా, అల్ఫాల్ఫా చేలు. జింక మేత కింద ఉంది, పడక పైన ఉంది. రోజూ ఈ రెంటి మధ్యే దాని ప్రయాణం.

అది నెమరువేసే జంతువు. ఆదరాబాదరాగా మేసి, భద్రమైన చోటికి పోయి పడుకుని తీరిగ్గా నెమరేస్తుంది. మళ్లీ ఆకలేస్తే లేస్తుంది. ఎక్కువ నడక తెల్లవారుజామున, మునిమాపు వేళ. ఆ మసక వెలుతురు దాని కళ్లకు చాలు. ఎరుపును పట్టే కణాలు మాత్రం ఆ కళ్లలో లేవు. అందుకే తుపాకీ వేట రోజుల్లో తలా, ఛాతీ, వీపుల మీద కలిపి కనీసం 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు గుడ్డ ఉండాలని చట్టం పెట్టినా వేట చెడదు. తోటి వేటగాడికి ఆ రంగు దూరం నుంచే కనిపిస్తుంది, జింకకు కొట్టొచ్చినట్టు కనిపించదు. ముక్కును ఏమార్చడం మాత్రం ఎవరి తరమూ కాదు.

సాయంత్రపు మాటు కొంత సులువు. జింకలు పడక నుంచి మేతకు దిగుతాయి కాబట్టి వేటగాడు మధ్యాహ్నమే వచ్చి చేను అంచున మంచె ఎక్కుతాడు. ఆడ జింకలు, పిల్లలు వెలుగుండగానే చేలోకి వస్తాయి. కొమ్ములు పండిన మగజింక అలా రాదు. చేనుకు కాస్త ఇవతల, చెట్ల మరుగున ఆగి చీకటి పడేదాకా చూస్తుంది. అనుభవమున్నవాళ్లు అందుకే చేను అంచు వదిలి ఆ మరుగు దగ్గరే మాటు వేస్తారు. అక్కడ తెల్ల ఓక్ కాయలు రాలి ఉంటే మరీ మంచిది. ఎర్ర ఓక్ కాయల కంటే వాటిలో వగరు తక్కువ, జింక ముందు వాటినే ఏరుకుంటుంది.

తెల్లవారు మాటు కష్టం. చీకట్లో జింకలు చేలోనే ఉంటాయి. చేనుకు అడ్డంపడి నడిచిన వేటగాడు పొద్దు పొడవకముందే ఆ రోజు వేట పోగొట్టుకున్నట్టే. చుట్టుదారిన, కొండ వెనక నుంచి వచ్చి, అవి పడకకు తిరిగి వెళ్లే దారి పక్కన తెల్లవారడానికి చాలా ముందే కుదురుకోవాలి. పడకకు మరీ దగ్గరగా పోకూడదు, మరీ దూరంగానూ ఉండకూడదు. ఆ కొలత పుస్తకాల్లో దొరకదు. డెక్కల జాడలు, పెంటికలు, మగజింక కొమ్ములతో రాసిన చెట్ల బెరడు చూసి ఎవరికి వారు తేల్చుకోవాలి.

ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేసేది గాలి. కొండ మీద మామూలుగా వీచే గాలి వేరు, వాలు గాలి వేరు. పొద్దు వాలగానే కొండవాలు చల్లబడి, బరువెక్కిన గాలి నీళ్లలా పల్లానికి జారుతుంది. జింక దారికి పైన కూర్చున్నవాడి వాసన సాయంత్రం నేరుగా ఆ దారి మీదికే దిగుతుంది. అప్పుడు దారికి దిగువన, తన వాసన ఏ వాగులోకో పోయేలా కూర్చోవాలి. పొద్దెక్కి వాలు వేడెక్కాక గాలి పైకి లేస్తుంది, అప్పుడు దారికి ఎగువ మేలు. తెల్లవారాక వాలుకు ఎండ తగిలేదాకా గాలి ఇంకా కిందికే జారుతుంటుంది గనుక ఆ కాసేపూ దారికి పక్కగా ఉండటమే తెలివి. ఒకే చెట్టు పొద్దున మంచి మంచె, సాయంత్రం పనికిరాని మంచె కావచ్చు.

జింకకు ఇదంతా పుట్టుకతోనే తెలుసు. మగజింక తరచుగా గాలి మరుగు వైపు, శిఖరానికి కొంచెం దిగువన పడుకుంటుంది. వెనక నుంచి వచ్చేవాడి వాసన గాలి మోసుకొస్తుంది, కింద నుంచి వచ్చేవాడిని కళ్లు పట్టేస్తాయి. మిట్టమధ్యాహ్నం ఆ పడకలోకి చొరబడటం దండగ. ఒకసారి బెదిరిస్తే అది ఆ చోటే మానేయవచ్చు.

నవంబరు నడిమి రోజులు ఈ నియమాలకు లొంగవు. అది జతకట్టే కాలం. మగజింకలు తిండి మాని, పట్టపగలు కూడా ఆడవాటి కోసం తిరుగుతాయి. విల్లు వేటగాళ్లు అప్పుడు కొండ కనుమల్లో, చేల నడుమ మిగిలిన సన్నని చెట్ల వరుసల్లో రోజంతా కూర్చుంటారు. గర్భం సుమారు 200 రోజులు. పిల్లలు మే చివర, జూన్‌లో, పచ్చిక దండిగా ఉన్నప్పుడు పుడతాయి.

తుపాకీ వేట థాంక్స్‌గివింగ్ తర్వాత మొదలవుతుంది. 1963 నుంచి ఆ పండుగ తర్వాతి సోమవారం మొదటిరోజుగా ఉండేది, చాలా ఊళ్లలో బళ్లకు సెలవు. 2019లో దాన్ని శనివారానికి మార్చారు. ఆ ఉదయం అడవిలో అంతమంది అడుగుపెట్టేసరికి జింకల గడియారమే మారిపోతుంది. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం జీపీఎస్ పట్టీలు కట్టి చూసిన జింకల్లో కొన్ని, మనిషి ఎక్కడానికి బద్ధకించే నిట్టవాలులకు చేరుకున్నాయి. భోజనానికి బండ్ల దగ్గరకు నడిచేవాళ్లు వాటిని లేపుతుంటే, కదలకుండా కూర్చున్నవాడికి నడిమధ్యాహ్నమే జింక ఎదురుపడుతుంది.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకానే కాల్చాలి. ఆ చివరి నిమిషాల్లో గురి కుదరక తుపాకీ దించేసేవాడినే నేను గొప్ప వేటగాడంటాను. గాయపడ్డ జింక చీకట్లో పొదల్లోకి పోతే దొరకడం కష్టం. ఆ బాధను దానికి మిగల్చకపోవడం, మాంసం వృథా కానీయకపోవడం వేటలో భాగమే. వేట అడవికీ పనికొస్తుంది. అమెరికాలో 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను వన్యప్రాణుల సంరక్షణకు వెళుతుంది. తోడేళ్లు లేని ఆ అడవుల్లో వేట కూడా లేక జింకలు మితిమీరితే ఓక్ మొలకల్ని పైకి లేవనీయవు.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం, అలాగే ఉండాలి. దుప్పి, కణుజు కూడా మసక వెలుతురులోనే ఎక్కువగా మేతకు కదులుతాయి. ఇక్కడ ఆ ఎరుక కాపలాకే పనికిరావాలి. అడవి అంచున రాత్రిపూట లైటు వేసి, మెరిసిన కళ్లకు గురిపెట్టేవాడిదీ, కరెంటు తీగలు పరిచేవాడిదీ వేట కాదు. ఆ తీగ పశువునూ, చేనికి పోయే రైతునూ కూడా చంపుతుంది.

పెన్సిల్వేనియా, న్యూజెర్సీల్లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు తుపాకీ పట్టకపోయినా ఈ వేళలు గుర్తుంచుకోవాలి. నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి ఆఫీసు విడిచే వేళా, మునిమాపూ, మగజింకలు పిచ్చెత్తినట్టు తిరిగే కాలమూ ఒకేచోట కలుస్తాయి. అడవికీ చేనుకూ మధ్య రోడ్డున్న చోట వేగం తగ్గించండి. ఒక జింక దాటిందని యాక్సిలరేటర్ నొక్కకండి, దాని వెనక మరొకటి ఉండొచ్చు. ఎదురుగా వస్తే స్టీరింగ్ పక్కకు తిప్పకుండా, మీ వరుసలోనే గట్టిగా బ్రేకు వేయండి.