విప్పి బిగించడానికే పుట్టిన బండి

పాత జీపు కింద చాప పరుచుకుని వెల్లకిలా పడుకుంటే బండి మొత్తం కళ్లముందే ఉంటుంది. రెండు ఇరుసులు, నాలుగు కమాను కట్టలు, ముందుకొకటి వెనక్కొకటి ప్రొపెల్లర్ షాఫ్టులు, వాటి మధ్య ట్రాన్స్‌ఫర్ కేసు. మూత వేసి దాచింది ఏదీ లేదు. ఏ నట్టుకు ఏ పానా పడుతుందో పడుకున్న చోటినుంచే చెప్పేయవచ్చు. ఎనభై ఏళ్లు దాటిన డిజైన్‌ను ఈనాటికీ ఇంటి వాకిట్లో విప్పి బిగించగలుగుతున్నామంటే అది యాదృచ్ఛికం కాదు. ఆ బండిని యుద్ధం అలా అడిగి చేయించుకుంది.

1940లో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టింది. నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి కావాలి, బరువు 590 కిలోలు దాటకూడదు, మొదటి నమూనా 49 రోజుల్లో అందాలి. పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్నంలో దాదాపు మూతపడే స్థితిలో ఉన్న బాంటమ్ కంపెనీ ముందుకొచ్చింది. దాని కోసం కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు రెండు రోజుల్లో బండి నక్షాలు గీశాడు. సెప్టెంబరు 23న నమూనా మేరీలాండ్‌లోని హోలాబర్డ్ సైనిక శిబిరానికి చేరింది. అడిగిన బరువులో మాత్రం ఎవరి వల్లా కాలేదు. చివరికి సైన్యమే దిగొచ్చి పరిమితిని 980 కిలోల దాకా పెంచింది.

విల్లీస్ కంపెనీ తెచ్చిన నమూనా అంతకన్నా బరువు. కానీ దానిలో బార్నీ రూస్ సానబట్టిన 2.2 లీటర్ల ఇంజను ఉంది, 60 అశ్వశక్తుల సత్తా ఉంది. ఆ ఇంజనును వదులుకోవడం ఇష్టంలేక రూస్ బండిని ముక్క ముక్కగా విప్పించి, పొడుగెక్కువైన బోల్టులు తగ్గించి, రేకు మందం తగ్గించి, లెక్కలో రంగు బరువును కూడా చేర్చుకుని పరిమితిలోకి తెచ్చాడు. 1941లో కాంట్రాక్టు విల్లీస్‌కు దక్కింది. ఒక్క ఫ్యాక్టరీతో సరిపోదని అవే నక్షాలతో ఫోర్డ్ చేత కూడా చేయించారు. యుద్ధం ముగిసేసరికి ఇద్దరూ కలిపి సుమారు ఆరు లక్షల నలభై వేల బండ్లు తయారుచేశారు. ఫోర్డ్ తన భాగాల మీద, చివరికి బోల్టు తలల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం అచ్చు వేసుకుంది. అయినా ఫోర్డ్ భాగం విల్లీస్‌కు, విల్లీస్‌ది ఫోర్డ్‌కు ఇట్టే పట్టాలన్నది షరతు. ఎడారిలో పాడైన రెండు బండ్లను కలిపి ఒక మంచి బండి చేసుకునే వీలు అలా వచ్చింది. ఇవాళ మనం వాకిట్లో చేస్తున్నదీ ఆ పనే.

ఈ బండి ప్రాణం ట్రాన్స్‌ఫర్ కేసులో ఉంది. గేరు లివరు పక్కన ఉండే రెండు పొట్టి లివర్లూ దానివే. ఒకటి ముందు ఇరుసును కలుపుతుంది, విడదీస్తుంది. రెండోది వేగం తగ్గించి లాగుడు పెంచుతుంది. నడుమ డిఫరెన్షియల్ లేదు. అంటే నాలుగు చక్రాలకూ కలిపినప్పుడు ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో ఇది కుదరదు. జీపు ఇరుసుల మధ్య దూరం రెండు మీటర్లు. ముందు ఇరుసు ఆరు మీటర్ల వ్యాసార్థంతో పావు చుట్టు తిరిగితే 9.4 మీటర్లు నడుస్తుంది. లోపలి దారిలో వచ్చే వెనక ఇరుసు 8.9 మీటర్లే నడుస్తుంది. తేడా అర మీటరు పైచిలుకు. దాన్ని చక్రం చుట్టుకొలతతో భాగించి, ఇరుసు గేర్ల నిష్పత్తితో హెచ్చిస్తే ఒక షాఫ్టు రెండోదానికన్నా ఒక చుట్టుకు పైగా ఎక్కువ తిరగాలని తేలుతుంది. బురదలో, ఇసుకలో చక్రం కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారదు. ఆ చుట్టంతా షాఫ్టులను, గేరు పళ్లను మెలిపెడుతూ లోపలే పోగవుతుంది. లివరు ఎంత లాగినా రాదు. అప్పుడు సుత్తి పట్టుకోవద్దు, బండిని తిన్నగా రెండు గజాలు వెనక్కి నడపండి. మెలిక విడిపోయి లివరు చేతికొస్తుంది. పగిలిన ట్రాన్స్‌ఫర్ కేసుల్లో ఈ మెలికను పట్టించుకోక పగిలినవి చాలా ఉంటాయని నా నమ్మకం.

రెండు చక్రాల మీద నడిపేటప్పుడు మరో చిక్కు ఉంది. రోడ్డు మీద దొర్లే ముందు చక్రాలు ఇరుసును, షాఫ్టును ఊరికే తిప్పుతుంటాయి. పెట్రోలు పోతుంది, మోత వస్తుంది, అరుగుదల సరేసరి. యుద్ధం అయ్యాక సైన్యం అమ్మేసిన జీపులు కొన్న రైతులకు, వేటగాళ్లకు ఇది తలనొప్పి అయింది. 1948లో సియాటిల్ దగ్గర ఆర్థర్ వార్న్ చక్రపు హబ్బునే విడదీసే తాళం తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. రోడ్డు మీద తాళం తీస్తే చక్రం ఒక్కటే తిరుగుతుంది, లోపలి ఇనుమంతా నిద్రపోతుంది. జీపు మీద జనం చేసుకున్న మార్పుల్లో ఇంతకన్నా తెలివైనది నాకు కనబడలేదు. బండిలో ఉన్న దేన్నీ చెడగొట్టకుండా, లేనిదాన్ని ఇచ్చింది.

మన దేశంలో మహీంద్రా సంస్థ 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ భాగాలు బిగించడంతో మొదలుపెట్టింది. 1953లో వచ్చిన సీజే-3బీ నమూనాను అమెరికా మానేసినా మనవాళ్లు దశాబ్దాలపాటు చేస్తూనే వచ్చారు. ఇంజను ఎత్తు పెరగడంతో బానెట్ కూడా ఎత్తయి, ఆ బండికి ఆ ముఖం వచ్చింది. సమితుల రోజుల్లో బీడీఓ వచ్చాడంటే జీపు వచ్చినట్టే. పాడేరు, అరకు ఘాట్లలో లోపల కూర్చున్నవాళ్లకన్నా వేలాడేవాళ్లే ఎక్కువగా ఎక్కిన సర్వీసు జీపులూ దాని సంతతే. పెట్రోలు భరించలేక జనం ఆ బండ్లలో డీజిలు ఇంజన్లు దించారు. కంపెనీ కూడా ఆ దారే పట్టి, తర్వాత ప్యూజో లైసెన్సుతో చేసిన డీజిలు ఇంజను పెట్టింది. హర్యానాలోని మండీ డబ్వాలీ పట్నమైతే జీపులు మార్చి కట్టడానికే పేరుపడింది.

మార్పు దగ్గరే నా వాదన ఉంది. ఈ బండిలో ఏ భాగమూ ఒంటరిది కాదు. 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే అందంగానే ఉంటుంది. కానీ చక్రం చుట్టుకొలత 11 శాతం పెరిగింది. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 66లో పోతోంది. ఇంజను లాగుడు నేలకు చేరేసరికి ఆ మేరకు తగ్గింది. బ్రేకు కూడా అంతే, డ్రమ్ములు పాతవే కదా. టైరు బాడీకి తగులుతోందని బండిని ఎత్తు చేస్తారు. ఇరుసు ఉన్నచోటే ఉండి గేరుబాక్సు పైకి లేచేసరికి షాఫ్టు వాలు పెరుగుతుంది. షాఫ్టు చివర్లలోని క్రాసుల సంగతి ఇక్కడే తెలియాలి. వంగి తిరిగే క్రాసు అవతలికి సమవేగం ఇవ్వదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. వంపు ఐదు డిగ్రీలైతే ఆ హెచ్చుతగ్గులు అర శాతానికి లోపే. ఇరవై డిగ్రీలైతే అటు ఆరు శాతం, ఇటు ఆరు శాతం. షాఫ్టుకు రెండు క్రాసులు పెట్టింది ఒకదాని తప్పును రెండోది దిద్దడానికే. అలా జరగాలంటే రెండు వంపులూ సమానంగా ఉండాలి, రెండు కొసల యోకులూ ఒకే వరసలో ఉండాలి. అందుకే షాఫ్టు ఊడదీసే ముందు సుద్దతోనో పంచ్‌తోనో గుర్తు పెట్టుకోవాలి. ఒక్క పల్లు పక్కకు పడినా బండి వణుకుతుంది, మనం టైర్లను అనుమానిస్తూ తిరుగుతాం.

ముందు చక్రాలు ఒక వేగం దగ్గర గజగజలాడితే దోషం చాలాసార్లు కింగ్‌పిన్ బేరింగుల్లో ఉంటుంది. పైనా కిందా ఉండే పలుచని షిమ్ములు తీసి బిగువు సరిచేస్తే పోయే రోగానికి కొత్త స్టీరింగు డాంపరు కొనడం డబ్బు దండగ.

అలాగని అన్ని మార్పులకూ నేను అడ్డం కాను. యుద్ధకాలపు బండిది 6 వోల్టుల కరెంటు. 50 వాట్ల దీపానికి 8 ఆంపియర్ల పైన లాగుతుంది. 12 వోల్టులకు మారిస్తే సగం చాలు, తీగల్లో వృథా నాలుగో వంతుకు పడిపోతుంది. పాత జీపు బ్రేకు మాస్టర్ సిలిండరుకు ఒకటే గది. ఒక్క చక్రం దగ్గర గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. రెండు గదుల సిలిండరు పెట్టించడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని, టైర్లకన్నా ముందు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ దానికి తగినవి మార్చుకోవాలి. ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉందని మర్చిపోవద్దు.

ప్రాణానికి సంబంధించినవి మూడు మాటలు చెప్పి తీరాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరవద్దు, ఛాసీ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. సైనిక జీపుల చక్రం రెండు సగాలను బోల్టులతో బిగించింది. గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులు విప్పితే సగం చక్రం ఎగిరొచ్చి మనిషిని చంపగలదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది గనుక ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. 2021లో వచ్చిన నిబంధనలు యాభై ఏళ్లు దాటిన బండ్లకు ‘వీఏ’ వరసలో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నాయి, అసలు రూపం పెద్దగా మారకుండా ఉంటేనే. 1970ల తొలినాళ్ల సీజే-3బీలు ఆ వయసుకు వచ్చేశాయి. కాబట్టి పాత కార్బురేటరు గాని, డైనమో గాని, చక్రం గాని తీసేస్తే తూకానికి వేయకండి. గ్రీజు పూసి, ఏ బండిదో ఎప్పుడు తీశారో చీటీ కట్టి, అటక మీద పెట్టండి.